నీళ్లు చల్లని శుభ్రత

అనంతపురం పీఠభూమిలో వేరుశనగ కాయ కొట్టే మిల్లుకో, పల్లీ చిక్కీ చేసే షెడ్డుకో, నూనె గానుగకో వెళ్లి శుభ్రత గురించి మాట్లాడి చూడండి. చాలామంది నోట ముందుగా వచ్చే మాట ఒకటే: “తాగడానికే నీళ్లు లేవు సార్, షెడ్డు కడగడానికి ఎక్కడి నుంచి తెచ్చేది?”

ఆ బాధ నిజమైనదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల ఇది. బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకునే ఊళ్లు ఇక్కడ కొత్త కాదు. అయితే ఆ మాట వెనక ఒక నమ్మకం దాగుంది: శుభ్రత అంటే కడగడమేనని. పాలకేంద్రంలో, మాంసం కొట్టులో అది చెల్లుతుంది. వేరుశనగ, కొర్ర, సామ, పిండి, చిక్కీ వంటి పొడి సరుకు తయారయ్యే చోట చెల్లదు. అక్కడ నీళ్లే మొదటి ప్రమాదం.

పొడి సరుకు యూనిట్‌కు కావలసినది పొడి శుభ్రత. ఆ విషయంలో కరువు సీమ మిగతా ప్రాంతాలకంటే ఒక మెట్టు పైనే ఉంది. గాలిలో తేమ తక్కువ, ఎండకు కొదవ లేదు. ఈ వసతిని వాడుకునే అలవాటు మాత్రం మనమే చేసుకోవాలి. అలవాటు కుదిరితే పురుగుమందుల ఖర్చు తగ్గుతుంది, సరుకు వెనక్కి రావడం తగ్గుతుంది, మన చేతి తిండి తిన్న పిల్లవాడు క్షేమంగా ఉంటాడు. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనంలో పల్లీ చిక్కీ చేరింది. కాబట్టి ఈ పనిలో ఉన్నవాళ్లు పిల్లల కోసం వండుతున్నామన్న ఎరుకతో ఉండాలి.

కరువే మొదట బూజును తెస్తుంది

ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసేవారు. విస్తీర్ణం తగ్గినా బుడ్డల పంటే ఇప్పటికీ ఇక్కడి ఊళ్లకు ఆధారం. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. జిల్లాలు రెండైనా రెండు చోట్లా నేల కష్టం, పంట కష్టం ఒకటే.

కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే భూమి వేడెక్కుతుంది, మొక్క బలహీనపడుతుంది. అప్పుడే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు కాయలోకి చొరబడుతుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. దీని దెబ్బ ముందు కాలేయానికి తగులుతుంది. వేయిస్తే పూర్తిగా పోదు, ఉడికిస్తే పోదు.

అంటే మీ గేటు లోపలికి దిగే మూటలో ఆపద ముందే కూర్చుని ఉండవచ్చు. దాన్ని పెరగనివ్వకుండా ఆపడమే మన చేతిలో ఉన్న పని. కాయలో తేమ తొమ్మిది శాతం లోపు, పప్పులో ఏడు శాతం లోపు ఉంటే నిల్వలో బూజు పెరగదు. తేమ కొలిచే మీటరు కొనగలిగితే కొనండి. లేనప్పుడు పాత పరీక్ష ఉండనే ఉంది. కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. పప్పును వేళ్ల మధ్య నలిపితే తోలు సులువుగా ఊడి రావాలి. ఈ రెండూ జరగని మూట గోడౌనులోకి పోకూడదు, మళ్లీ కల్లానికి పోవాలి. బూజును మరీ ఎక్కువగా పట్టించుకోవలసినది కోతల కాలంలో. తుపాను వానలు వచ్చేదీ ఆ నెలల్లోనే.

కాయ మీద చల్లే బిందెడు నీళ్లు

మన మిల్లుల్లో ఒక పాత అలవాటు ఉంది. మిషన్‌లో వేసే ముందు కాయల మీద నీళ్లు చల్లుతారు. అలా చేస్తే పప్పు బద్దలు కాకుండా నిలుస్తుందని, తూకమూ కొంచెం పెరుగుతుందని లెక్క. బద్ద తక్కువ పడితే ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి ఈ అలవాటు తరాలుగా సాగింది.

ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో ఒక్కసారి గమనించండి. పెంకు పీల్చుకుంటుంది, అక్కణ్నుంచి పప్పు పీల్చుకుంటుంది. తడి ఆరకముందే పప్పు మూటలోకి వెళుతుంది, మూట మీద మూట పడుతుంది, గాలి ఆడదు. లోపల వేడి పుడుతుంది. కాయలో నిద్రపోతున్న బూజుకు కావలసినవన్నీ అందాయి. వారంలో లాభమనిపించిన తడి నెలలో విషమవుతుంది.

ఆ విషం ఏం చేయగలదో చరిత్ర చూపించింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండి దగ్గర తేలింది. అఫ్లాటాక్సిన్‌ను లోకం గుర్తించింది ఆ ఘటనతోనే. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ ప్రాంతాల్లో అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవాళ్లకు కామెర్లు వచ్చాయి. వందమందికి పైగా చనిపోయారు. ఆ మరణాల వెనక అఫ్లాటాక్సిన్ ఉందని పరిశోధించి చెప్పినవారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు.

ఇప్పుడు చట్టం కూడా గట్టిగానే ఉంది. మన దేశ ప్రమాణాల ప్రకారం నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇంకా శుద్ధి చేయవలసిన సరుకుకు 15 వరకు అనుమతి ఉంది. ఐరోపా దేశాలు నేరుగా తినే సరుకుకు 4 దగ్గరే గీత గీశాయి. ఒక్క మైక్రోగ్రాము గ్రాములో పది లక్షలవ వంతు. కంటికి కనిపించని ఆ మోతాదు దగ్గర కంటెయినర్లు వెనక్కి తిరిగి వస్తాయి.

కాబట్టి మొదటి నియమం రాసి పెట్టుకోండి: కాయ మీద నీళ్లు చల్లం. బద్ద తగ్గాలంటే మిషన్ జల్లెడ కాయ సైజుకు తగ్గట్టు మార్చండి, వేగం సరిచేయండి, ఒకే సైజు కాయను విడదీసి వేయండి. అది ఒళ్లు వంచి చేసే పని, చేస్తే దక్కే పని.

బ్లేక్లీ నుంచి నేర్చుకోవలసింది

నీరూ, పురుగూ, నిర్లక్ష్యమూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి వేరుశనగ వ్యాపారంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని బ్లేక్లీ అనే చిన్న ఊళ్లో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే కంపెనీకి ఒక ఫ్యాక్టరీ ఉండేది. 2008, 2009 సంవత్సరాల్లో అక్కడి వేరుశనగ వెన్న, పేస్టు తిని 714 మంది సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల జబ్బు పడ్డట్టు నమోదైంది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ సరుకు కలిసిన మూడు వేలకు పైగా రకాల ఉత్పత్తులను బజారు నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

తనిఖీకి వెళ్లిన అధికారులకు పైకప్పు కారుతూ కనిపించింది. గోడల్లో, తలుపుల దగ్గర ఎలుకలు దూరేంత సందులు కనిపించాయి. అదే కంపెనీకి టెక్సాస్‌లో ఉన్న ప్లాంటులో, సరుకు తయారయ్యే గది పైభాగంలో చచ్చిన ఎలుకలు, వాటి పెంటికలు, పక్షి ఈకలు దొరికాయి. పరీక్షలో చెడ్డదని తేలిన సరుకును కూడా కంపెనీ అమ్మిందని కోర్టులో రుజువైంది. 2015 సెప్టెంబరులో యజమాని స్టీవర్ట్ పార్నెల్‌కు 28 ఏళ్ల జైలుశిక్ష పడింది. నాణ్యత చూసే మేనేజరుకు కూడా అయిదేళ్లు పడింది. కంపెనీ అప్పటికే దివాలా తీసింది.

సాల్మొనెల్లాకు పొడి సరుకులో పెరిగే శక్తి లేదు. అయినా చావకుండా నెలల తరబడి బతుకుతుంది. నూనె ఉన్న తిండిలో వేడిని కూడా బాగా తట్టుకుంటుంది. పైకప్పు నుంచి ఒక్క నీటిధార కారినా, తడి గుడ్డతో నేల తుడిచి ఆరబెట్టకుండా వదిలినా, అక్కడ అది కోట్లుగా పెరుగుతుంది. పక్షి రెట్ట, ఎలుక పెంటిక దాన్ని లోపలికి తెస్తాయి, నీరు దాన్ని పెంచుతుంది. మన రేకుల షెడ్లలో మేకు కొట్టిన ప్రతి రంధ్రమూ ఒక చిన్న బ్లేక్లీయే.

అందుకే పచ్చి పప్పు ఉండే వైపు, వేయించిన పప్పు ఉండే వైపు వేరుగా ఉండాలి. పప్పు వేగాక చిక్కీ అయ్యేదాకా దాన్ని కాపాడే మంట మళ్లీ ఉండదు. పచ్చి వైపు వాడే చేటలు, పొరకలు, గరిటెలు, చెప్పులు వేయించిన వైపుకు రాకూడదు. పొరకల పిడులకు రెండు రంగులు వేయండి. చదువు రాని మనిషికి కూడా తేడా తెలుస్తుంది.

ఎవరు ఎక్కడి నుంచి వస్తారు

పురుగు పేరు తెలియకుండా మందు కొనేవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. వేరుశనగ దగ్గర ముఖ్యంగా కనిపించే వాటిని గుర్తుపట్టడం నేర్చుకోండి.

కాయకు గుండ్రటి పెద్ద కన్నం పడి, కాయ మీద కాగితం లాంటి తెల్లటి గూడు అంటుకుని ఉంటే అది బ్రూకిడ్ పురుగు. కాయ పైన గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు పెంకును తొలుచుకుని గింజలోకి పోతుంది. పెంకు చెక్కుచెదరని కాయను కూడా పట్టగల పురుగు ఇది. చింతకాయ దీనికి తాతల నాటి ఇల్లు. చింతపండు మార్కెట్టుకు పేరుపడ్డ హిందూపురం చుట్టుపక్కల ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గింజ తీయని చింతపండు, చింతగింజల మూటలు వేరుశనగ గోడౌనులో పెట్టడమంటే పురుగుకు విత్తనం వేసుకోవడమే. కల్లం పక్కన చింతచెట్టు ఉంటే రాలిన కాయలు ఎప్పటికప్పుడు ఊడ్చేయండి.

ఎర్రగా, అగ్గిపుల్ల తల కంటే కాస్త పెద్దగా, పిండిలో పాకుతూ కనిపించేది ఎర్ర పిండి పురుగు. దీనికి పెంకు తొలిచే బలం లేదు. బద్దలు, నుసి, విరిగిన పప్పు దొరికితేనే బతుకుతుంది. వేడి కాలంలో నెల తిరిగేసరికి గుడ్డు నుంచి పెద్ద పురుగు అవుతుంది. పొడి వాతావరణం దీన్ని చంపదు కాబట్టి ఎండ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. దాని తిండి తీసేయడమే మందు. సరుకును వీలైనంత కాలం కాయగానే నిల్వ ఉంచి, అవసరమైనంత మటుకే కొట్టించుకోండి. పెంకు దేవుడిచ్చిన ప్యాకింగు.

పప్పును దారాలతో కలిపి గడ్డగా అల్లేది చిన్న బూడిదరంగు రెక్కల పురుగు పిల్ల. గోడ మూలల్లో, మూటల కుట్ల దగ్గర సాలెగూడు లాంటి అల్లిక కనిపిస్తే ఇదేనని పోల్చుకోండి. బెల్లం పాకం ఉన్న చోటికి చీమలు, ఈగలు వస్తాయి. అట్టపెట్టెల మడతల్లో బొద్దింకలు వస్తాయి. పైన దూలాల మీద పావురాలు చేరతాయి.

ఎలుక సంగతి వేరే చెప్పాలి. పెన్సిలు పట్టే సందు చాలు, చిట్టెలుక దూరుతుంది. తినేదానికంటే పాడుచేసేది ఎక్కువ. గోడ వెంబడే నడుస్తుంది, అదే దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. దాని దారి కనుక్కోవడానికి మన ఇంట్లో ఉన్న సాధనం చాలు. రాత్రి మూసేముందు గోడౌను గోడ వెంట, సరుకుకు దూరంగా, ముగ్గుపిండి పలుచగా చల్లండి. తెల్లవారి చూస్తే కాళ్ల గుర్తులు, తోక గీత కనిపిస్తాయి. ఏ సందు నుంచి వచ్చి ఏ మూలకు పోయిందో నేల చెబుతుంది. ఆ దారిలో, గోడకు అడ్డంగా, ఎర గోడవైపు ఉండేలా బోను పెట్టండి. ముగ్గుపిండిని పొద్దున్నే ఊడ్చేయండి.

తిండి, నీరు, గూడు

ఏ జీవి అయినా మన యూనిట్‌లో ఉండటానికి మూడే కారణాలు: తిండి దొరకడం, నీరు దొరకడం, దాక్కునే చోటు దొరకడం. మూడింటిలో ఒక్కటి పూర్తిగా తీసేసినా సగం యుద్ధం గెలిచినట్టే.

గూడు తీసేయడానికి ముందు బయట తిరగండి. గోడ చుట్టూ మూడడుగుల మేర పిచ్చిమొక్కలు, పాత రేకులు, విరిగిన పలకలు, పెంకుల కుప్ప ఉండకూడదు. వేరుశనగ పెంకు పొయ్యిలోకి పనికొస్తుందని గోడకు ఆనించి పోస్తుంటారు. ఎలుకకు అంతకంటే మంచి ఇల్లు లేదు. తలుపు కింద వెలుతురు కనిపిస్తే అక్కడ రబ్బరు పట్టీ గానీ రేకు పట్టీ గానీ కొట్టించండి. పైపులు, కరెంటు తీగలు గోడలోకి వచ్చే చోట సిమెంటు పూయించండి. కిటికీలకు సన్నని ఇనుప జాలీ వేయించండి. రాత్రి దీపాన్ని తలుపు నెత్తిన పెట్టకుండా కాస్త దూరంగా స్తంభానికి పెట్టండి. పురుగులు వెలుతురు దగ్గరికి పోతాయి కదా, అక్కడే ఉండిపోతాయి.

లోపల మూటలు నేలకూ గోడకూ తగలకూడదు. చెక్క పలకల మీద అరడుగు ఎత్తున, గోడకు అడుగున్నర దూరంలో పేర్చండి. ఆ సందులో మనిషి నడవగలగాలి, పొరక తిరగాలి, టార్చి వెలుగు పడాలి. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. మూల మూటను ఏడాదిగా కదపలేదంటే అది గోడౌనుకంతా పురుగు సరఫరా చేస్తుంది.

ఖాళీ గోనె సంచుల్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. పోయిన ఏటి పురుగు ఈ ఏటి సరుకులోకి వచ్చేది వాటి కుట్లలోంచే. వాటిని తిరగేసి దులిపి, వేసవి మధ్యాహ్నం నల్ల టార్పాలిన్ పరిచి, దాని మీద పలుచగా వేసి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి అంచుల మీద మట్టి వేయండి. లోపల వేడి 50 డిగ్రీలు దాటి నిలిస్తే గుడ్డు, పురుగు రెండూ చస్తాయి. ఈ పనికి అనంతపురం ఎండ కంటే మంచి యంత్రం లేదు. సరుకును మాత్రం ఇలా చేయకండి. అంత వేడికి పప్పులో నూనె ముక్కిపోతుంది, విత్తనం మొలక దెబ్బతింటుంది.

నీరు తీసేయడమంటే పైకప్పు కారే చోట్లు పూడ్చడం, కూలరు గాలి సరుకు మీదికి రాకుండా చూడటం, చేతులు కడుక్కునే కొళాయిని తయారీ గది బయట పెట్టడం. చేతుల్ని మాత్రం సబ్బుతో తప్పక కడుక్కోవాలి, పూర్తిగా తుడుచుకుని లోపలికి రావాలి. ఉన్న కొద్ది నీళ్లను ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకున్నవాడికి, నేల కడగనక్కర్లేదని తెలిశాక, చేతులకు కావలసినన్ని మిగులుతాయి.

మిషన్ విప్పి చూడండి

పొడి శుభ్రత పైనుంచి కిందికి సాగాలి. ముందు దూలాలు, తీగలు, ఫ్యాన్ల రెక్కలు. తర్వాత గోడలు, తర్వాత మిషన్లు, చివరికి నేల. కింద ఊడ్చి తర్వాత పైన దులిపితే చేసిన పని వృథా. గాలి గొట్టంతో ఊదడం సులువుగా అనిపిస్తుంది గానీ దుమ్మును, పురుగు గుడ్లను అది ఒకచోట నుంచి గదంతటికీ పంచుతుంది. బ్రష్షుతో గీకి, చేటలోకి ఎత్తి, వీలైతే పెద్ద వ్యాక్యూమ్ క్లీనరుతో లాగేయండి.

వారానికోసారి కరెంటు పూర్తిగా ఆపి, ఫ్యూజు తీసి జేబులో పెట్టుకుని, కాయ కొట్టే మిషన్ పక్క రేకు విప్పండి. జల్లెడ చట్రం, రేకు కలిసే మూలలో వేలు పెట్టి చూడండి. నుసి, నూనె, దుమ్ము కలిసి నల్లటి ముద్దగా పేరుకుని ఉంటుంది. దాన్ని చెక్క పుల్లతో తీసి తెల్ల కాగితం మీద పరిచి రెండు నిమిషాలు కదలకుండా చూడండి. ముద్ద కదులుతుంది. మొదట ఒక ఎర్రటి వీపు బయటికి వస్తుంది, తర్వాత పసుపుపచ్చటి సన్నని పిల్ల పురుగు మెలికలు తిరుగుతుంది. షెడ్డంతా అద్దంలా ఊడ్చినా ప్రతి నెలా పురుగు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది. పనివాళ్లందరినీ పిలిచి చూపించండి. ఒకసారి కళ్లారా చూసినవాళ్లకు ఉపన్యాసం అక్కర్లేదు.

చిక్కీ యూనిట్‌లో పాకం అంటిన రోలరును, కత్తిని నీళ్లు లేకుండా శుభ్రం చేయడం కష్టం. అక్కడ నీళ్లు వాడండి, కానీ పద్ధతిగా వాడండి. విడిభాగాలను విప్పి వేరే గదికి తీసుకెళ్లి వేడినీళ్లతో కడిగి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టి తిరిగి బిగించండి. విప్పలేని భాగాలను వేడినీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడిచి, ఆహార యూనిట్లకు తగిన ఆల్కహాలు ద్రావణంతో ముగించండి. అది త్వరగా ఆరిపోతుంది. మంట దగ్గర మాత్రం వాడకండి.

మందు చివరి మాట

ఇంత చేశాక కూడా పురుగు ఉంటే అప్పుడు మందు గురించి ఆలోచించాలి. మన దగ్గర క్రమం తలకిందులుగా నడుస్తోంది. పురుగు కనిపించగానే గ్యాసు బిళ్ల కోసం పరుగెడతారు.

ఆ బిళ్ల అల్యూమినియం ఫాస్ఫైడ్. మూడు గ్రాముల బిళ్ల గాలిలోని తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. సరిగ్గా కప్పిన పట్టా కింద, తగినన్ని రోజులు ఉంచితే పురుగును చంపుతుంది. కప్పు సరిగ్గా లేని గదిలో, పక్కన మనుషులు నిద్రపోతుంటే మనుషుల్ని చంపుతుంది. మన దేశంలో దీన్ని ఎవరు పడితే వాళ్లు వాడటానికి వీల్లేదు. అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ సంస్థలు, ప్రభుత్వ సంస్థలు నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. చిన్న గోడౌను యజమాని కొట్టులో కొని మూటల మధ్య పెట్టుకోవడం చట్టానికీ ప్రాణానికీ విరుద్ధం. లైసెన్సు ఉన్నవాళ్లను పిలవండి, వాళ్లు ఏం వాడారో, ఎంత వాడారో, ఎప్పుడు తెరవవచ్చో రాతపూర్వకంగా తీసుకోండి. ఎలుక మందును తయారీ గదిలో ఎప్పుడూ పెట్టకండి. బయట, తాళం వేసిన, అంకె వేసిన పెట్టెల్లోనే ఉండాలి. లోపల బోనులు చాలు.

మందు లేకుండా నడపలేమనేవాళ్లు చెన్నేకొత్తపల్లి వైపు చూడాలి. అక్కడ 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ కరువు పల్లెల్లో పనిచేస్తూ వస్తోంది. దాని చేయూతతో 2008లో ఏర్పడ్డ రైతుల సహకార సంఘం ధరణి, సభ్యులు సేంద్రియ పద్ధతిలో పండించిన చిరుధాన్యాలు, వేరుశనగ కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. సేంద్రియ ధ్రువీకరణ నియమాలు సరుకు మీద రసాయన పొగమందును ఒప్పుకోవు. ఆ దారిలో నడిచేవారికి నివారణ తప్ప గత్యంతరం లేదు, నివారణతో వ్యాపారం నడుస్తుందని తేలింది కూడా.

నిల్వకు ఇంకో మంచి దారి ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం రూపొందించిన మూడు పొరల సంచిలో లోపలి రెండు పొరలు గాలి చొరకుండా ఆపుతాయి. లోపలున్న పురుగే ప్రాణవాయువును వాడుకుని, అది అయిపోగానే చస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వేరుశనగ కాయల మీద వీటిని పరీక్షించి బ్రూకిడ్ నష్టం బాగా తగ్గుతుందని చూపించారు. అయితే తేమ ఉన్న కాయను అందులో పోసి కట్టేస్తే తేమ కూడా అందులోనే బందీ అవుతుంది. ముందు ఎండ, తర్వాతే సంచి.

ఏరే చేతులకు విలువ ఇవ్వండి

అఫ్లాటాక్సిన్ మూటంతటా సమానంగా ఉండదు. కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, తోలు మీద నల్లమచ్చ ఉన్నవి, పసుపుపచ్చ బూజు కనిపించేవి, పురుగు తొలిచినవి ఏరిపారేస్తే విషంలో ఎక్కువ భాగం పోతుంది. రంగు చూసే ఖరీదైన మిషన్లు చేసే పనిని మన యూనిట్లలో ఆడవాళ్ల కళ్లు చేస్తున్నాయి.

ఆ కళ్లకు మంచి వెలుతురు కావాలి, కూర్చోవడానికి పీట కావాలి, గంటకోసారి విశ్రాంతి కావాలి. కిలోల లెక్కన కూలి ఇస్తే వాళ్లు తొందరపడక తప్పదు, తొందరలో చెడ్డ గింజ జారిపోతుంది. రోజు కూలి ఇచ్చి, ఏరిన తీరు చూసి మెచ్చుకోండి. ఏరి తీసిన గింజలను నూనె మిల్లుకు గానీ పశువుల దాణాకు గానీ అమ్మకండి. గానుగ నూనెలో విషం కొంత మిగులుతుంది, చెక్కలో మరింత మిగులుతుంది. ఆ చెక్క తిన్న బర్రె పాలలోకీ అది దిగుతుంది. పాలలో ఈ విషానికి కిలోకు అర మైక్రోగ్రామే పరిమితి. చెడ్డ గింజను పూడ్చిపెట్టడం నష్టంలా కనిపిస్తుంది. అది వ్యాపారం నిలబడటానికి కట్టే కిస్తీ అనుకోండి.

“అక్కా, ఈ మూట తడిగా ఉంది, వేయనా వద్దా?” అని పనిచేసే మనిషి అడిగే చోట ప్రమాదం ఆగిపోతుంది. అలా అడిగిన మనిషిని “నీకెందుకు, వెయ్” అని కసిరిన రోజున ఆ నోరు శాశ్వతంగా మూతపడుతుంది. తడి మూటను, ఎలుక పెంటికను, కారే రేకును చూసినవాళ్లు ఎవరైనా మిషన్ ఆపించవచ్చని అందరి ముందూ చెప్పండి. ఆపినందుకు ఒక్క మాట అనకండి. నాయకత్వం అంటే చిన్న యూనిట్‌లో ఇదే.

రేపటి నుంచి

2011 నాటి ఆహార భద్రత లైసెన్సు నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు పారిశుధ్యం, చీడల నివారణ గురించి వివరంగా చెబుతుంది. దాన్ని సంపాదించి ఒకసారి చదవండి. ఆ తర్వాత ఈ క్రమాన్ని మొదలుపెట్టండి.

మొదటి వారం: టార్చి పట్టుకుని యూనిట్ లోపలా బయటా తిరిగి ప్రతి సందూ, కారే చోటూ రాసుకోండి. పిచ్చిమొక్కలు, పెంకుల కుప్పలు తీయించండి.

రెండో వారం: సందులు పూడ్పించండి, తలుపు పట్టీలు కొట్టించండి. మూటలను గోడకు దూరంగా మార్చండి. చింతపండు, పాత సంచులు వేరు చేయండి.

మూడో వారం: పొరకలకు రంగులు వేసి పచ్చి వైపు, వేయించిన వైపు పంచండి. మిషన్ విప్పి తెల్ల కాగితం పరీక్ష అందరి ముందూ చేయండి.

నాలుగో వారం: ఒక రిజిస్టరు మొదలుపెట్టండి. తేదీ, ఏం కనిపించింది, ఎక్కడ, ఏం చేశాం, ఎవరు చేశారు. ఈ అయిదు గడులు చాలు. ఏమీ కనిపించని రోజు కూడా “ఏమీ లేదు” అని రాసి సంతకం పెట్టండి. ఆరు నెలలకు ఆ పుస్తకమే మీ యూనిట్‌లో ఏ మూల బలహీనమో, ఏ నెలలో పురుగు ఎక్కువో మీకు చెబుతుంది. కొనుగోలుదారు వచ్చినప్పుడు మీ తరఫున మాట్లాడేదీ అదే.

ఈ పనుల్లో దేనికీ పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, బోరు తవ్వనక్కర్లేదు. రోజూ అరగంట, నిజం చూడటానికి భయపడని కళ్లు ఉంటే చాలు. కాబట్టి రేపు ఉదయం మిషన్ స్విచ్ వేయకముందే టార్చి పట్టుకుని, కనిపించిన మొదటి సందు రాసుకోండి.